కంప్యూటర్ ఉన్నా విద్యార్థులు మిమ్మల్నే అడుగుతున్నారంటే

మేడమ్ గారూ, మీ గ్రంథాలయంలో పుస్తకాల జాబితా చూపే కేటలాగు కంప్యూటర్ పెట్టినా విద్యార్థులు పుస్తకం కోసం మీ బల్ల దగ్గరికే వస్తున్నారని రాశారు. తప్పు వాళ్లది కాదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఆలోచన పక్కన పెట్టి, ఐదుగురిని విడివిడిగా పిలిచి ఒక పుస్తకం వెతికి తెమ్మనండి. సాయం చేయకుండా వెనకే నడవండి, ఎక్కడ ఆగారో రాసుకోండి.

భీమవరంలో మా కళాశాల గ్రంథాలయంలో అలాగే చేశాను. ఒక అమ్మాయి తెర మీద కనిపించిన, పుస్తకం ఏ విభాగంలో ఉందో చెప్పే 894.827 అంకెను అరచేతిలో రాసుకుని వెళ్లి, బీరువాల మధ్య నిలబడిపోయింది. బీరువాల మీద అంకెలే లేవు! ఇన్నేళ్లూ నాకది కనిపించలేదు. ప్రతి వరుస చివర అంకె, దాని కింద ‘తెలుగు సాహిత్యం’ అని పెద్ద అక్షరాల్లో అంటించాం. నరసాపురం బస్సు అందుకోవాల్సిన పిల్లలకు పది నిమిషాలు చాలా విలువైనవి. పాఠకుల సమయం కాపాడమని మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే చెప్పారు కదా.

మార్చాక మరో ఐదుగురితో మళ్లీ చూడండి.