పెద్దవాళ్ళతో టల్లూలా గార్జ్: మూడుసార్లు వెళ్ళొచ్చాక నేను చెప్పగలిగింది

నవంబరులో మీ అత్తామామలు ఇండియా నుంచి అట్లాంటా వస్తున్నారని, మామగారు బాగా నడుస్తారు గానీ అత్తగారికి మోకాళ్ళ నొప్పి అని, పిల్లలకి ఎనిమిదేళ్ళు, పదమూడేళ్ళు అని రాశారు. జార్జియాలోని టల్లూలా గార్జ్ అనే లోయని ఒక్కరోజులో చూసి రాగలమా, అందరం కలిసి కింద నది దాకా దిగొచ్చా అని అడిగారు.

ఒక్కరోజులో హాయిగా చూసి రావచ్చు. అందరూ కలిసి దిగే ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి. నేనిక్కడికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి చేసిన పొరపాటు ఇంకా గుర్తుంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు. గండికోట మాకు పక్కనే. సెలవులకి ఎవరింటికి చుట్టాలొచ్చినా గండి చూపించడానికి తీసుకెళ్ళేవాళ్ళం. 2018 జూలైలో అమ్మానాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు, ఇక్కడ కూడా అలాంటిదే ఉంది చూద్దురు రండి అని టల్లూలా తీసుకెళ్ళాను. మేముండే కమ్మింగ్ నుంచి గంటన్నర ప్రయాణం. అట్లాంటా ఊళ్ళో నుంచైతే రెండు గంటలు వేసుకోండి. 985 హైవే మీదుగా వెళ్ళి 441 హైవే పట్టుకుంటే దారి తప్పే పనే లేదు. మేము వెళ్ళినప్పుడు పార్కింగ్‌కి అయిదు డాలర్లు తీసుకున్నారు.

లోయ రెండు మైళ్ళ పొడవు, దాదాపు వెయ్యి అడుగుల లోతు. గండికోటలో ఎర్రటి బండలు, ఎండ. ఇక్కడ అంచు దాకా పచ్చటి అడవి. చెట్ల మధ్య నడుస్తూ నడుస్తూ ఉండగా ఒక్కసారిగా నేల తెగిపోయి లోయ కనిపిస్తుంది. గండికోటలో అంచున నిలబడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, గుండె గొంతులోకి వస్తుంది. ఇక్కడ చూసే చోట్లన్నిటికీ గట్టి కంచె ఉంది. పిల్లల గురించి ఆ టెన్షన్ కొంత తగ్గుతుంది.

నాన్న కంచె పట్టుకుని చాలాసేపు కిందికి చూసి, "గండి బాగుందమ్మా. ఏరేదీ?" అన్నారు.

నిజమే. ఇంత పెద్ద లోయలో సన్నటి పాయ ఒకటి పారుతోంది, అంతే. లోపల మ్యూజియంలో చూస్తే గానీ మాకు కారణం తెలియలేదు. ఒకప్పుడు ఈ జలపాతాల హోరు మైళ్ళ దూరం వినిపించేదట. 1882లో రైలు వచ్చాక చుట్టూ హోటళ్ళు వెలిశాయి, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్ళు. తర్వాత అట్లాంటాకి కరెంటు కావాల్సి వచ్చింది. లోయకి ఎగువన ఆనకట్ట కట్టి, నదిని కొండలో తొలిచిన సొరంగంలోకి మళ్ళించి, దిగువన ఉన్న పవర్‌హౌస్‌లో పడేట్టు చేశారు. 1913లో అక్కడ కరెంటు తయారీ మొదలైంది. అప్పటి నుంచి లోయలోకి వచ్చేది మిగులు నీళ్ళే. ఆ ఆనకట్ట వద్దని 1911లో హెలెన్ డార్ట్చ్ లాంగ్‌స్ట్రీట్ అనే ఆవిడ కోర్టు దాకా వెళ్ళి పోరాడింది. గెలవలేదు. పెన్నలో ఇసుక తప్ప నీళ్ళు చూడని ఏళ్ళు ఎన్నో గడిపిన మా నాన్న ఆవిడ గురించి రాసింది రెండుసార్లు చదివించుకున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు వచ్చేది నవంబరులో అన్నారు, అది మంచి అదృష్టం. ఏటా ఏప్రిల్‌లో మొదటి రెండు వారాంతాలు, నవంబరులో మొదటి మూడు వారాంతాలు ఆనకట్ట గేట్లు ఎత్తి లోయలోకి నీళ్ళు వదులుతారు. కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలు, నడిపేవాళ్ళ కోసం వదిలే నీళ్ళివి. మామూలు రోజుల మీద పది రెట్లకి పైగా ఉంటాయి. ఇవి కాక వసంతంలో, ఆకురాలే కాలంలో మరికొన్ని రోజులు చూడ్డానికి అందంగా ఉండాలని కొంచెం తక్కువ నీళ్ళు వదులుతారు. తేదీలు పార్కు వాళ్ళే ముందుగా ప్రకటిస్తారు, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. నీళ్ళు వదిలిన రోజు నది ఒడ్డుకి దిగడానికి పర్మిట్లు ఇవ్వరు. అంటే నీళ్ళు చూడాలంటే కిందికి దిగడం ఉండదు, కిందికి దిగాలంటే నీళ్ళు తక్కువున్న రోజే వెళ్ళాలి. పెద్దవాళ్ళు వెంట ఉన్నప్పుడు నీళ్ళున్న రోజే ఎంచుకోండి. మెట్లు దిగకుండానే, పైన నిలబడే సగం కాదు, ముప్పాతిక వంతు అందం చూసేయవచ్చు.

మెట్ల సంగతి. ఉత్తరపు అంచు నుంచి వేలాడే వంతెన దాకా 310 మెట్లు. వంతెన నుంచి ఇంకా కిందికి, హరికేన్ జలపాతం ఎదురుగా ఉన్న చెక్క వేదిక దాకా మరో 221. వంతెన దాటి దక్షిణపు అంచు ఎక్కాలంటే 347. అన్నీ కలిపి, ఆ 221 దిగి మళ్ళీ ఎక్కేది కూడా లెక్కేస్తే 1,099 మెట్లు. మెట్లు బాగా కట్టారు, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయి. అందుకే మోసపోతాం.

అమ్మ దిగేటప్పుడు నవ్వుతూ దిగింది. తిరుమల కొండ నడిచి ఎక్కినదాన్ని, ఇదెంత అంది. నేనూ సరే అన్నాను. వంతెన మీద నిలబడ్డాం. కింద రాళ్ళకి ఎనభై అడుగుల ఎత్తులో ఉంటుంది అది. పదిమంది నడిస్తే కొంచెం ఊగుతుంది. ఫోటోలు తీసుకున్నాం. తిరిగి ఎక్కడం మొదలుపెట్టాక యాభై మెట్లకే అమ్మ కాళ్ళు వణకడం మొదలైంది. తిరుమలలో ముందు ఎక్కి తర్వాత దర్శనం, దిగేటప్పుడు బస్సు. ఇక్కడ దిగేటప్పుడే మోకాళ్ళ మీద బరువంతా పడి అలిసిపోతాయి, ఎక్కాల్సింది ఆ తర్వాత. పైగా మధ్యాహ్నం పన్నెండు. నా దగ్గర ఉన్నది ఒక్క నీళ్ళ సీసా. పది మెట్లకోసారి కూర్చోబెడుతూ పైకి తీసుకురావడానికి గంటకి పైనే పట్టింది. దారిలో ఎవరో అమెరికన్ దంపతులు తమ దగ్గరున్న చల్లటి నీళ్ళు, చేతికర్ర ఇచ్చి మాతోపాటే పైదాకా వచ్చారు. ఆ రాత్రి అమ్మ మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం వంతెన బాగుందే అంది.

అందుకని మీ అత్తగారిని మెట్ల వైపు వెళ్ళనివ్వకండి. ఆవిడ వెళ్తానన్నా సరే. ఉత్తరపు అంచు మీద నడిచే బాట ఉంది, పెద్దగా ఎత్తుపల్లాలు లేవు. మ్యూజియం భవనం వెనకనుంచే మొదలవుతుంది. కొద్ది దూరానికోసారి లోయలోకి చూసే చోటు వస్తుంది. ఒకవైపు వెళ్తే ఓషియానా, బ్రైడల్ వీల్ జలపాతాలు దూరంగా కింద కనిపిస్తాయి. రెండోవైపు వెళ్తే లోడోర్ జలపాతం, ఆ తర్వాత ఆనకట్ట. నిదానంగా, కూర్చుంటూ వెళ్ళినా గంటన్నర చాలు. ఆవిడకి అదీ కష్టమైతే ఓల్డ్ 441 రోడ్డు లోయ అంచు వెంబడే పోతుంది. అక్కడ కారు ఆపుకుని రోడ్డు పక్కనుంచే లోయ మొత్తం చూడొచ్చు. రైలు పట్టాలు తీసేసి, ఆ దారినే నడకకీ సైకిళ్ళకీ చదునుగా తయారుచేసిన షార్ట్‌లైన్ బాట కూడా ఉంది. మీ ఎనిమిదేళ్ళ బిడ్డకి సైకిలుంటే కారులో వేసుకోండి.

2021 నవంబరులో అమ్మానాన్న మళ్ళీ వచ్చారు. ఈసారి నీళ్ళు వదిలే శనివారం చూసుకుని వెళ్ళాం. కారు దిగగానే హోరు వినిపించింది. నాన్న ఎవరినీ పిలవకుండా ఆ చప్పుడు వైపు నడిచి వెళ్ళిపోయారు. మూడేళ్ళ కిందట సన్నటి పాయ చూసిన చోటే తెల్లటి నురగతో నిండా నది. ఓషియానా పైనుంచి రంగురంగుల కయాక్‌లు ఒకదాని వెనక ఒకటి జారి నురగలో మునిగి మళ్ళీ పైకి తేలుతుంటే, అంచు మీద నిలబడ్డ జనం అంతా చప్పట్లు కొట్టారు. ఆ కయాక్‌లని వాళ్ళు భుజాల మీద మోసుకుంటూ ఆ మెట్లన్నీ దిగి వెళ్తారు. అది చూసి అమ్మ నోరు వెళ్ళబెట్టింది. ఆకులు ఇంకా కొంచెం ఎర్రగా, పసుపుగా మిగిలే ఉన్నాయి. పెద్దవాళ్ళకి ఈ లోయని ఇంతకంటే బాగా చూపించే రోజు ఇంకోటి లేదని నా నమ్మకం. అయితే ఆ వారాంతాల్లో జనం బాగా వస్తారు. తొమ్మిది లోపు చేరకపోతే పార్కింగ్ దొరకడం కష్టం.

మీ మామగారికి ఇంకొకటి చూపించండి. 1970 జూలై 18న కార్ల్ వాలెండా అనే సర్కస్ కళాకారుడు ఈ లోయ మీద ఇటునుంచి అటు తీగ కట్టి నడిచాడు. అప్పుడాయన వయసు అరవై అయిదు. మధ్యలో ఆగి రెండుసార్లు తలకిందులుగా నిలబడ్డాడు కూడా. చూడ్డానికి దాదాపు ముప్ఫై వేలమంది వచ్చారు. ఆ తీగ కట్టిన ఇనుప టవర్ తుప్పు పట్టి ఇప్పటికీ ఉత్తరపు అంచు మీద పడి ఉంది. మా నాన్న దాని పక్కన నిలబడి లోయని, టవర్‌ని మార్చి మార్చి చూశారు.

ఇక నది ఒడ్డు. అది పదమూడేళ్ళ మీ పెద్దవాడి కోసం, వేరే రోజు. రోజుకి వందమందికే పర్మిట్ ఇస్తారు. ఆన్‌లైన్‌లో దొరకదు, పొద్దున ఎనిమిదికి మ్యూజియం భవనం తెరిచాక స్వయంగా వెళ్ళి తీసుకోవాలి. వాన పడి రాళ్ళు తడిగా ఉన్నా ఇవ్వరు. 2022 జూన్‌లో మా అబ్బాయికి పద్నాలుగేళ్ళప్పుడు మేము ముగ్గురం శుక్రవారం వెళ్ళాం. ఆరింటికి ఇంట్లో బయల్దేరి ఎనిమిది లోపే చేరినా అప్పటికే ముప్ఫైమంది లైన్లో ఉన్నారు. శని, ఆదివారాలైతే ఆ వంద త్వరగానే అయిపోతాయి. కాళ్ళకి ఏం వేసుకున్నామో కూడా చూస్తారు. మా ముందున్న కుర్రాడు క్రాక్స్ చెప్పులు వేసుకొచ్చాడని పర్మిట్ ఇవ్వలేదు. మడమ కప్పే, పట్టున్న బూట్లు ఉండాలి.

హరికేన్ జలపాతం 96 అడుగులు. దాని కింద గేటు దాటాక దారి అంటూ ఏమీ ఉండదు. ముందు నదిని రాళ్ళ మీదుగా దాటాలి. తర్వాత ఒడ్డు వెంబడి బండరాళ్ళ మీద చేతులు కాళ్ళు రెండూ వాడుకుంటూ పోవాలి. ఎండినట్టు కనిపించే రాయి కూడా జారుతుంది. మా అబ్బాయి ఒక రాయి మీద జారి మోకాలి దాకా నీళ్ళలో దిగబడ్డాడు, మోచెయ్యి గీసుకుపోయింది. చివర బ్రైడల్ వీల్ దగ్గర పెద్ద నున్నటి బండ మీద నీళ్ళు పల్చగా జారుతుంటాయి. వేసవిలో పిల్లలు దాని మీద కూర్చుని జారి కింద మడుగులో పడతారు. మావాడు ఎన్నిసార్లు జారాడో లెక్కలేదు. ఆ లోతు నుంచి పైకి చూస్తే రెండు వైపులా రాతి గోడలు, మధ్యలో చీలికలాగా ఆకాశం. మనుషుల మాటలు వినపడవు. నాకు మూడు ప్రయాణాల్లో అన్నిటికంటే మనసులో ఉండిపోయింది ఆ పది నిమిషాలే. పైకి రావడానికి మాత్రం నిట్టనిలువు బండల దారి ఎక్కాలి. మొత్తం నాలుగు గంటలు పట్టింది. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు పట్టుకెళ్ళండి. మీ చిన్నవాడికి ఇంకో మూడు నాలుగేళ్ళు ఆగండి. ఆ రాళ్ళ మధ్య ఎడాలు పెద్దవాళ్ళ అడుగుకి సరిపోయేవి, ఎనిమిదేళ్ళ పిల్లల కాళ్ళకి అందవు.

వసంతంలో వెళ్తే బాట పక్కన మూడు ఆకులు, మూడు రేకుల తెల్లటి పువ్వు కనిపించవచ్చు. పర్సిస్టెంట్ ట్రిలియం అంటారు. ఈ టల్లూలా, టుగలూ నదుల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పెరగదు. పిల్లల్ని బాట దిగి అడవిలోకి పోనివ్వకండి, కోయనివ్వకండి.

తిండి ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. పార్కులో కూర్చుని తినడానికి బల్లలున్నాయి. మేము పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు తీసుకెళ్ళాం. నవంబరులో అక్కడ పొద్దున పూట చలిగానే ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకి శాలువా, ఫ్లాస్కులో కాఫీ మరిచిపోకండి. మ్యూజియంలో లోయ గురించి చిన్న సినిమా వేస్తారు. మీరు, మామగారు, పెద్దవాడు వంతెన దాకా దిగి వచ్చేసరికి అత్తగారు, చిన్నవాడు వెచ్చగా అది చూస్తూ కూర్చోవచ్చు. దిగే ముందు ఇద్దరికీ ఒక గంట తర్వాత ఫలానా బల్ల దగ్గర కలుద్దామని చెప్పి వెళ్ళండి, లోయలోకి దిగాక ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడలేం.