ముందు పుస్తకం చదువు, విమర్శ తర్వాత: మేనకోడలికి ఒక ఉత్తరం

సుధా,

నీ మెయిల్ చదివాను. నీ థీసిస్ సినాప్సిస్ ఓకే అయిందని తెలిసి మీ నాన్న కంటే నాకే ఎక్కువ సంతోషమేసింది. అమెరికాలో బానిసత్వానికి వ్యతిరేకంగా వచ్చిన సాహిత్యం మీద విమర్శకుల అభిప్రాయం కాలంతో పాటు ఎలా మారిందో రాస్తానన్నావు. మొదటి చాప్టర్ దగ్గరే ఆగిపోయానని, నలభై మంది విమర్శకుల పేర్లు ముందేసుకుని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదని కూడా రాశావు. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని. ఈ విషయంలో నేను చేసిన పొరపాట్లు నాకు బాగా గుర్తున్నాయి. అవి నువ్వు చెయ్యకూడదనే ఈ ఉత్తరం.

ఆ నలభై పేర్ల లిస్టు ఒక నెల పక్కన పెట్టు. ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువు. చదివానన్నావు కానీ, నీ సినాప్సిస్‌లో టామ్‌ను ‘తల వంచుకుని దండాలు పెట్టే ముసలి బానిస’ అని రాశావు. ఆ ముసలాయన హారియట్ బీచర్ స్టోవ్ రాసిన నవలలో లేడు. ఆమె టామ్ వెడల్పాటి ఛాతీ, బలమైన ఒళ్ళు ఉన్న మనిషి. భార్య క్లోయీ, చిన్న చిన్న పిల్లలు, అందులో ఒకరు ఇంకా పాకే వయసు. తోటి బానిస ఆడమనిషిని కొరడాతో కొట్టమని యజమాని లెగ్రీ హుకుం చేస్తే కొట్టనంటాడు. పారిపోయి దాక్కున్న ఇద్దరు ఆడవాళ్ళ జాడ చెప్పమంటే చెప్పడు, దెబ్బలు తిని ప్రాణం వదులుతాడు. మరి ముసలి టామ్ ఎక్కడినుంచి వచ్చాడు? నాటకాల నుంచి. నవల పుస్తకంగా వచ్చిన 1852లోనే స్టేజీ కూడా ఎక్కింది. తర్వాత దశాబ్దాల పాటు ఊరూరా ఆడిన ‘టామ్ షో’ల్లో ఆయనకు జుట్టు నెరిసింది, నడుం వంగింది, పాటలూ డాన్సులూ వచ్చి చేరాయి. ‘అంకుల్ టామ్’ అనే మాట తిట్టుగా మారడంలో ఆ షోల పాత్ర చాలా ఉంది. కాబట్టి ఏ విమర్శకుడి మాట నోట్ చేసుకున్నా, అతను తిట్టేది పుస్తకంలో టామ్‌నా, స్టేజీ మీది టామ్‌నా అని పక్కన ఒక గుర్తు పెట్టుకో. చాలా చిక్కుముళ్ళు అక్కడే విడిపోతాయి.

పాఠాలు మొదలుపెట్టిన మొదటి నాలుగైదేళ్ళు నేనూ ఆ నవల చదవకుండానే గైడు చూసి చెప్పేశాను. ఒక ఎండాకాలం సెలవుల్లో పూర్తిగా చదివాక, అంతకుముందు నా క్లాసులో కూర్చున్న పిల్లలందరికీ ఏం చెప్పానో తలుచుకుని చాలా బాధపడ్డాను.

ఇక విమర్శకుల సంగతి. నీ సినాప్సిస్‌లో వరస ఇలా ఉంది: మొదట అందరూ పొగిడారు, తర్వాత నల్లజాతి రచయిత బాల్డ్విన్ వచ్చి తిట్టాడు, తర్వాత స్త్రీవాదులు నిలబెట్టారు. ఇంత నున్నగా జరగలేదమ్మా. వచ్చిన మొదటి ఏడాదిలోనే అమెరికాలో మూడు లక్షల కాపీలు అమ్ముడైన పుస్తకం అది. బానిసత్వం ఉన్న దక్షిణాది రాష్ట్రాల్లో అదంతా అబద్ధమని ఎదురు నవలలే రాశారు. సాక్ష్యాలు చూపించడానికి స్టోవ్ 1853లో ఇంకో పుస్తకం వెయ్యాల్సి వచ్చింది. అదే 1853లో మార్టిన్ డెలానీ అనే నల్లజాతి నాయకుడు, మాజీ బానిస ఫ్రెడరిక్ డగ్లస్ నడిపే పత్రికకు ఉత్తరాలు రాశాడు. మా గురించి ఈ తెల్లావిడకు ఏం తెలుసు, మా బాగు కోసం సలహా కావాలంటే మావాళ్ళను అడగాలి గానీ ఆమెనెందుకు అడగడం అని అతని వాదన. డగ్లస్ ఒప్పుకోలేదు. మనకు మేలు చేసే చెయ్యి ఎవరిదైనా కాదనకూడదన్నాడు. ఇద్దరూ నల్లవాళ్ళే, ఇద్దరూ బానిసత్వాన్ని కూల్చడానికి బతుకంతా పెట్టినవాళ్ళే. వాళ్ళ వాదన పూర్తిగా చదువు. నవల మీద ఈ రోజుకీ జరుగుతున్న తగాదాలో సగం అప్పుడే మొదలైంది. దాన్ని వదిలేసి 1949లో బాల్డ్విన్ రాసిన వ్యాసం నుంచి ఎత్తుకుంటే మొదటి తరం నల్లజాతి పాఠకుల నోరు నువ్వే మూసినట్టవుతుంది.

1949 వ్యాసం మాత్రం నెమ్మదిగా, రెండుసార్లు చదవాలి. అప్పటికి జేమ్స్ బాల్డ్విన్‌కు ఇరవై నాలుగేళ్ళు, పారిస్‌లో ఉన్నాడు. స్టోవ్ నవలను చాలా చెడ్డ నవల అన్నాడు. నీకు తెలియాల్సింది ఆ తిట్టు కాదు, దాని వెనకున్న కారణం. అతిగా కన్నీళ్ళు పెట్టించే రాతలో నిజాయితీ ఉండదని అతని నమ్మకం. స్టోవ్ దెబ్బలు, చావులు వరసగా చూపించిందే తప్ప, ఆమె వాళ్ళు, అంటే తెల్లవాళ్ళు, అంత క్రూరంగా ఎందుకు తయారయ్యారన్న అసలు ప్రశ్న దగ్గరకే పోలేదంటాడు. ఈ బాల్డ్విన్ చిన్నప్పుడు అదే నవలను మళ్ళీ మళ్ళీ చదివాడు. ఆ సంగతి అతనే రాసుకున్నాడు. ప్రాణంగా చదివిన పుస్తకం మీద పెద్దయ్యాక వచ్చిన కోపం అది. అలాంటి కోపాన్ని ‘బాల్డ్విన్ ఖండించారు’ అని ఒక్క వాక్యంలో తేల్చెయ్యకు.

1962లో ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు, పెద్దయ్యాక చదివితే ఈ నవల మనం అనుకున్నదానికంటే చాలా బలమైనదని తెలుస్తుందని రాశాడు. తర్వాత స్త్రీవాద విమర్శకురాలు జేన్ టామ్‌కిన్స్ 1981లో ఒక వ్యాసంలో, 1985లో పుస్తకంలో అసలు కొలబద్దనే నిలదీసింది. ఇరవయ్యో శతాబ్దపు ప్రొఫెసర్లు క్లిష్టతను, వ్యంగ్యాన్ని, నిబ్బరాన్ని గొప్ప సాహిత్యానికి గుర్తులుగా పెట్టుకున్నారు. కన్నీళ్ళను, ప్రార్థనను, వంటింటిని తీసిపారేశారు. ఆ కొలతతో చూస్తే లక్షలమంది ఆడవాళ్ళు చదివి కదిలిపోయిన నవల తేలిపోక ఏమవుతుందని అడిగింది. నాకు ఈమె వాదన నచ్చుతుంది. కానీ బాల్డ్విన్ అడిగినదానికి ఇది జవాబు కాదు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి, ఇద్దరికీ చెరో రెండు పేజీలు ఇవ్వు. ఎవరు గెలిచారో చెప్పే పని నీది కాదు.

ఇప్పుడు నా పెద్ద తప్పు చెప్తాను. హారియట్ జేకబ్స్ అనే మాజీ బానిస 1861లో ‘లిండా బ్రెంట్’ అనే మారుపేరుతో తన కథ అచ్చు వేయించింది. పుస్తకం పేరులోనే ‘ఆమె స్వయంగా రాసినది’ అని ఉంటుంది. నార్త్ కరోలినాలోని ఈడెన్‌టన్‌లో యజమాని వెంటపడుతుంటే తప్పించుకుని, అమ్మమ్మ ఇంటి పక్క కొట్టం మీది అటకలో దాదాపు ఏడేళ్ళు దాక్కుంది. ఆ అటక కొలతలు ఆమే రాసింది: పొడవు 9 అడుగులు, వెడల్పు 7 అడుగులు, అన్నిటికంటే ఎత్తున్న చోట 3 అడుగులు. వెలుతురు లేదు, గాలి లేదు. చీకట్లో తలకు తగిలిన బరమాతో చెక్కకు బెజ్జాలు వేసి, వాటిని కలిపి, అంగుళం పొడవు అంగుళం వెడల్పు కంత చేసుకుంది. అందులోంచి కింద ఆడుకునే తన పిల్లలను చూసుకునేది. అమ్మ అక్కడే ఉందని ఆ పిల్లలకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆ కథను మేం నమ్మలేదు. మేం అంటే చదువుకున్నవాళ్ళం. సంపాదకురాలు లిడియా మరియా చైల్డ్ అనే తెల్ల రచయిత్రి కాబట్టి అది ఆమె అల్లిన నవలేనని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. బానిసల జీవితాన్ని బానిసల మాటల్లోంచే చూడాలని పట్టుబట్టిన చరిత్రకారుడు జాన్ బ్లాసింగేమ్ కూడా 1972లో ఇది నమ్మదగ్గది కాదన్నాడు. మరీ నాటకీయంగా ఉందట. ఆడది తన మీద జరిగిన దాష్టీకాన్ని ఏడుపు నవలల భాషలో చెప్పింది కాబట్టి అది కట్టుకథ అయిపోయింది. జీన్ ఫేగన్ యెలిన్ అనే ప్రొఫెసర్ జేకబ్స్ సొంత దస్తూరీతో ఎమీ పోస్ట్ అనే స్నేహితురాలికి రాసిన ఉత్తరాలను పరిశీలించి, ఆ రాత జేకబ్స్‌దేనని 1981లో రుజువు చేసింది. ఊళ్ళు, మనుషులు, తేదీలు సరిచూసి 1987లో హార్వర్డ్ ముద్రణ తెచ్చింది. చైల్డ్ సర్దింది నిజమే, ఒక అధ్యాయం తీసెయ్యమంది కూడా. కానీ కథ, మాట జేకబ్స్‌వే.

నేను 1991లో మా కాలేజీలో ఆ పుస్తకం గురించి ‘ఇది చైల్డ్ రాసిన నవల’ అని బోర్డు మీద రాసి చెప్పాను. రుజువై అప్పటికి పదేళ్ళు. లైబ్రరీలో ఉన్న పాత సాహిత్య చరిత్రలో అలా ఉంది, నేను వెతకలేదు. ఇంకో నాలుగేళ్ళకు ఒక సెమినార్‌లో నిజం తెలిసింది. ఆ రాత్రి ఇంటికొచ్చి, హాల్లో సుద్దముక్కతో తొమ్మిదడుగులు, ఏడడుగులు గీశాను. మా డైనింగ్ టేబుల్ ఎత్తు రెండున్నర అడుగులు. దాని కింద దూరి కూర్చుంటే మెడ నిలవలేదు. పది నిమిషాలకు బయటికి వచ్చేశాను. నువ్వూ ఒకసారి గీసి చూడు. జేకబ్స్ మీద ఎవరు ఏమన్నారో రాసే ముందే గీసి చూడు.

అందుకే చెప్తున్నాను, నీ థీసిస్‌లో ‘పుస్తకం బాగుందా’ అన్న ప్రశ్న పక్కనే ‘ఆ రోజుల్లో ఎవరి మాట నమ్మారు’ అన్న ప్రశ్న కూడా నడవాలి. డగ్లస్ 1845లో ఆత్మకథ వేస్తే, అతన్ని బానిసగా ఎరిగిన తెల్లమనిషి ఒకడు, వీడికి ఇంత రాయడం ఎక్కడ వచ్చు అని పత్రికకెక్కాడు. డగ్లస్ అతనికి థ్యాంక్స్ చెప్తూ జవాబిచ్చాడు. నేను నిజంగా బానిసనేనని నీ నోటితోనే సాక్ష్యం చెప్పావన్నాడు. అదే ఆత్మకథ తర్వాత దాదాపు వందేళ్ళు మరుగున పడి, 1960లో బెంజమిన్ క్వార్ల్స్ సంపాదకత్వంలో మళ్ళీ వచ్చింది. మధ్యలో 1929లో చరిత్రకారుడు యు.బి. ఫిలిప్స్, బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారులు దిద్దారు కాబట్టి మాజీ బానిసల కథనాలన్నీ అనుమానించాల్సినవేనని రాశాడు. బానిసలతో పని చేయించుకున్న తోటల యజమానుల కాగితాలను మాత్రం ధారాళంగా వాడుకున్నాడు. మేరియన్ విల్సన్ స్టార్లింగ్ అనే నల్లజాతి పరిశోధకురాలు 1946లోనే ఈ కథనాల మీద థీసిస్ పూర్తి చేస్తే, అది పుస్తకంగా రావడానికి 1981 దాకా ఆగాల్సి వచ్చింది. నీలాగే థీసిస్ రాసిన మనిషి. ఆమె పేరు నీ మొదటి చాప్టర్‌లో ఉండాలని నా కోరిక.

అందుకే ప్రతి విమర్శకుడికీ ఒక కార్డు పెట్టుకో. ఏ ఏడు రాశాడు, అప్పటికి అతని చేతికి ఏ పుస్తకాలు దొరికేవి, ఏవి ప్రింట్‌లో లేవు, అప్పుడు బయట ఏం జరుగుతోంది. 1902లో థామస్ డిక్సన్ స్టోవ్‌కు జవాబుగా జాతి ద్వేషం నింపి నవల రాశాడంటే, అది దక్షిణాదిలో నల్లవాళ్ళ ఓటు లాగేసుకుంటున్న కాలం. 1960ల్లో పాత పుస్తకాలు మళ్ళీ అచ్చయ్యాయంటే వీధుల్లో పౌర హక్కుల ఉద్యమం ఉంది. ఇవి రాయకపోతే అభిప్రాయాలు వాటంతటవే మారినట్టు కనిపిస్తుంది.

ఇంకో చిన్నమాట. ‘ఇంత పెద్ద యుద్ధం తెచ్చిన చిన్నపాటి ఆడమనిషివి నువ్వేనా’ అని లింకన్ స్టోవ్‌ను అడిగినట్టు నీ మొదటి పేరాలోనే పెట్టావు. తీసెయ్. వాళ్ళు కలిసింది అంతర్యుద్ధం నడుస్తున్న 1862లో, ఆ మాట అచ్చులో కనిపించేది 1896లో. నమ్మదగ్గ ఆధారం లేదు.

మనవాళ్ళ సంగతి చివర్లో పెట్టొచ్చా అని అడిగావు. నిజమైన లంకె ఉన్నచోట పెట్టు. జ్యోతిరావు ఫూలే 1873లో ‘గులాంగిరి’ని, నల్లవాళ్ళ బానిసత్వాన్ని తొలగించడానికి త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. ఆ పోరాటాన్ని కులం కింద నలిగేవాళ్ళ కళ్ళతో చదివిన పాఠకుడు ఆయన. తెలుగులో మా తరానికి బానిసత్వం తెలిసింది ఎక్కువగా సహవాసి అనువదించిన ‘ఏడు తరాలు’ ద్వారా. అలెక్స్ హేలీ మూల పుస్తకం ‘రూట్స్’లో ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్న దాని మీద పెద్ద గొడవే జరిగింది, తన నవలలోంచి తీసుకున్నాడని వేరే రచయిత పెట్టిన కేసు 1978లో డబ్బు కట్టి రాజీ చేసుకోవాల్సి వచ్చింది. అది కూడా దాచకుండా రాయి. మీ నాన్న ఆ పుస్తకం రెండుసార్లు కొన్నాడు, మొదటిది హాస్టల్లో చేతులు మారి మారి తిరిగి రాలేదని.

జేకబ్స్ పుస్తకం 1987 హార్వర్డ్ ముద్రణ నా దగ్గరుంది. యెలిన్ నోట్స్‌తో పాటు చదవాలి, వట్టి పుస్తకం చాలదు. అన్నయ్య ఆదివారం హైదరాబాద్ వస్తున్నాడు, అతనితో పంపిస్తాను. మార్జిన్లో పెన్సిల్‌తో నేను రాసుకున్నవి పట్టించుకోకు, ముందు నీకేమనిపించిందో రాసుకో.

మీ అత్తయ్య