బుప్రోపియాన్ చీటీ వచ్చినప్పుడు ఏమేం అడగాలె

బిడ్డా సరితా,

డిప్రెషన్ పేషెంటుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అనే దగ్గు మందు, బుప్రోపియాన్ కలిపి రాసిన చీటీ మీ దేవరకొండ మందుల షాపుకు వచ్చిందని, దగ్గు మందు ఎందుకు రాసిన్రో తెల్వలేదని అడిగినవు. డాక్టరు పొరపాటేం కాదు. అమెరికాలో 2022 ఆగస్టులో ఈ జంటకు ఒకే గోలీగా అనుమతి వచ్చింది, అక్కడి పేరు ఆవెలిటీ.

డెక్స్‌ట్రోమెథార్ఫాన్ మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టార్లను ఆపుతుంది. కానీ మింగినంక కాలేయంలో సైప్ 2డి6 అనే ఎంజైమ్ దాన్ని గంటల్లో విరగ్గొట్టేస్తుంది, మెదడు దాకా పోయేది కొంచెమే. బుప్రోపియాన్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. చెరువు తూము సగం మూసినట్టే: వచ్చే నీళ్లు అవే, పోయేవి తగ్గుతయి, మట్టం పెరుగుతది. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ రక్తంలో సగానికి తగ్గే సమయం మూడింతలై దాదాపు 22 గంటలవుతుంది. పైగా బుప్రోపియాన్ సొంతంగానే డిప్రెషన్ మందు.

ఆ గోలీలో 45 మిల్లీగ్రాముల డెక్స్‌ట్రోమెథార్ఫాన్, 105 మిల్లీగ్రాముల బుప్రోపియాన్ ఉంటయి. మొదటి మూడు రోజులు పొద్దున ఒకటే. నాలుగో రోజు నుంచి రెండు, మధ్యల కనీసం 8 గంటలు. రెండుకు మించొద్దు, నూరొద్దు, విరవొద్దు. ఒక పూట మరిస్తే తర్వాతి పూట రెండు కలిపి మింగొద్దు. 327 మంది మీద ఆరు వారాలు పరీక్షించినప్పుడు డిప్రెషన్ కొలత ఈ జంటతో సుమారు 16 పాయింట్లు, ఉత్తుత్తి గోలీతో 12 పాయింట్లు తగ్గింది. పనికొచ్చే తేడానే, మాయమంత్రం మాత్రం కాదు. చీటీలో రెండు మందులు విడివిడిగా, వేరే మోతాదుల్లో ఉంటే నువ్వు సర్దకు, డాక్టరుకు ఫోన్ చెయ్.

ఇప్పుడు అసలు సంగతి. ఆ జంటతో కంటే మూడో మందుతోనే ముప్పు ఎక్కువ. తూము ఒక్క డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌కే మూసుకోదు, ఆ దారిన పోయే మందులన్నిటికీ మూసుకుంటది. మెటోప్రోలాల్ వాడే బీపీ పేషెంటుకు నాడి మెల్లగై కళ్లు తిరుగుతయి. డిప్రెషన్‌కు వాడే పాత మందు అమిట్రిప్టిలిన్ మట్టం పెరిగి నోరెండటం, మత్తు, గుండె దడ. కొన్ని మందులకు కథ తిరగబడుతది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్‌ను పనిచేసే రూపంలోకి మార్చేది ఈ ఎంజైమే. దాన్ని అడ్డుకుంటే గోలీ మింగుతున్నా ఫలితం తగ్గొచ్చు. ట్రామడాల్ మరీ చెడ్డది: నొప్పి సరిగా తగ్గదు, ఫిట్స్ భయం పెరుగుతది, మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం కూడా ఎక్కువైతది. మోకాళ్ల నొప్పులకని మన దగ్గర దాన్ని ఎంత సులువుగా చేతిలో పెడుతున్నరో నీకు నేను చెప్పాల్నా?

ఫ్లూయొక్సెటిన్, పారోక్సెటిన్ అనే డిప్రెషన్ మందులు సొంతంగానే 2డి6ను గట్టిగా ఆపుతయి. వాటితో ఈ జంట రాస్తే రోజుకు పొద్దున ఒక్క గోలీయే అని మోతాదు పత్రం చెప్తది. చెమట, వణుకు, కాళ్లు వాటంతటవే అదరడం, విరేచనాలు, జ్వరం, గందరగోళం కలిసి కనబడితే సెరటోనిన్ ఎక్కువైనట్టు అనుమానించి వెంటనే పెద్దాసుపత్రికి పంపు. ఎంఏఓఐ అనే పాత రకం డిప్రెషన్ మందులకూ ఈ జంటకూ 14 రోజుల ఎడం ఉండాలె. లినెజోలిడ్ యాంటీబయాటిక్ కూడా ఆ జాతిదే, చాలామంది మర్చిపోతరు.

ఫోన్‌ల చదివి బుప్రోపియాన్ పట్టీ, దగ్గు సిరప్ కలిపి అడిగేటోళ్లు వస్తరు. చీటీ లేకుండా ఇయ్యకు. మన సిరప్పుల్లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌తో పాటు క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ ఉంటయి. అవి మత్తునూ బీపీనీ పెంచుతయి. సిగరెట్ మానడానికి బుప్రోపియాన్ వాడే మనిషి పొడి దగ్గుకు సిరప్ అడిగినా ఇదే లెక్క. అలవాటుగా అందించే సీసా కాబట్టి చెయ్యి ముందే పోతది, జాగ్రత్త.

కల్లు గురించి తప్పకుండా అడుగు. "తాగుతరా?" అంటే మన నల్లగొండ, పాలమూరు దిక్కు "లేదు" అనే అంటరు, కల్లును తాగుడు కింద లెక్కేసుకోరు గదా. కల్తీ కల్లులో డైజీపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతరు. దానికి అలవాటైన ఒళ్లు ఒక్కసారి మానితే వణుకు, భ్రమలు, ఫిట్స్ వస్తయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరుస కట్టింది అందుకే. బుప్రోపియాన్ ఫిట్స్ గడపను ఇంకా కిందికి దించుతది, అంటే ఫిట్స్ ఇంకా సులువుగా వస్తయి. మాల వేసుకుని కల్లు ఒక్కరోజుల బందు చేసే మనిషికి ఈ మందు ఇయ్యకూడదు, డాక్టరుకు చెప్పాలె. మాల ఎప్పుడు వేసుకుంటరని అడగడానికి మొహమాటపడకు. ఫిట్స్ చరిత్ర ఉన్నోళ్లకు, తిండి మానేసే జబ్బు లేదా తిని కక్కేసుకునే జబ్బు ఉన్నోళ్లకు కూడా ఇది నిషేధం. కిడ్నీలు బాగా దెబ్బతిన్నోళ్లకు పనికిరాదు.

మొదటి వారాల్లో, 25 ఏళ్ల లోపు పిల్లల్లో ముఖ్యంగా, చచ్చిపోవాలన్న ఆలోచన పెరగొచ్చు. ఇంటోళ్లకు ఆ మాట సూటిగా చెప్పి, మానసిక సాయానికి ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 కవర్ మీద రాసియ్యి. బీపీ చూపించుకోమను. మందు ఆపిన తెల్లారే తూము తెరుచుకోదు, కొద్ది రోజులు పడతది, కాబట్టి ఆపిన వారంలో వేరే కొత్త చీటీ తెచ్చినా పాత పట్టీ అడిగి చూడు.

మీ అత్త