రాగా, అల్యూమినియమా అని తర్వాత అడగండి, ముందు ఎంత లావు తీగో అడగండి

"రాగి, అల్యూమినియం రెండూ మంచి వాహకాలే కదా, బోరు మోటారుకు అల్యూమినియం తీగ లాగితే నష్టమేంటి? పుస్తకంలో చదివే విశిష్ట నిరోధం నిజంగా పొలంలో లెక్కకు వస్తుందా?" అని అడిగారు. వస్తుంది. రాకపోతే మా షాపుకు ఇన్ని కాలిన మోటార్లు రావు. చిత్తూరులో మాది మోటార్ల వైండింగ్ పని, నాయన కాలం నుంచీ ఇదే.

విశిష్ట నిరోధం అంటే ఒక పదార్థం కరెంటును ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలత. 20 డిగ్రీల దగ్గర రాగి విశిష్ట నిరోధం సుమారు 1.7×10⁻⁸ ఓమ్ మీటర్లు, అల్యూమినియానిది 2.8×10⁻⁸. హీటర్లలో వాడే నిక్రోమ్‌కు ఇది 110×10⁻⁸ దాకా ఉంటుంది. దాని ముందు మన రెండు లోహాల మధ్య తేడా ఏపాటిది? పైగా అల్యూమినియం తేలిక. ఒకే నిరోధం వచ్చేలా రెండు తీగలు తీసుకుంటే, అల్యూమినియం తీగ లావుగా ఉన్నా బరువు రాగిలో సగమే. పెద్ద టవర్ల మీద మధ్యలో ఉక్కు, చుట్టూ అల్యూమినియం ఉన్న తీగలు లాగేది అందుకే. కాబట్టి అల్యూమినియం పనికిరాదనే మాటను నేను ఒప్పుకోను. మోటార్లను కాల్చేది లోహం కాదు. తీగ పొడవు, మందం, అతుకు. తీగ వల్ల కాలే మోటార్లకు కారణం ఈ మూడే.

మా చిన్నాయనది దామలచెరువు దగ్గర మామిడి తోట. అయిదు హెచ్‌పీ మోటారు, బోరులో 500 అడుగుల లోతున ఉంది. స్టార్టర్ డబ్బా నుంచి బోరు దాకా ఇంకో 250 మీటర్లు. ఒక ఎండాకాలం ఆ మోటారు ఎన్నిసార్లు చుట్టించినా కాలిపోతూనే ఉంది. "రేయ్ అబ్బోడా, వైండింగు బాగలేదంటాండారు, నువ్వే చూడు" అని చిన్నాయన మోటారును ఆటోలో వేసుకుని మా షాపుకు తెచ్చాడు. విప్పి చూస్తే ఒక ఫేజు (మోటారుకు కరెంటు వచ్చే మూడు దారుల్లో ఒకటి) కాయిళ్లే బొగ్గులా మాడాయి, మిగతా రెండు ఫేజుల రంగు కూడా మారలేదు. వైండింగు బాగలేకపోతే ప్రతిసారీ ఇలా ఒకే వరసలో కాలదు. తప్పు మోటారు బయట ఉందని అక్కడే అర్థమైంది.

చుట్టి దింపిన రోజు మీటరు పట్టుకుని నేనే వెళ్లాను. మోటారు నడుస్తుండగా స్టార్టర్ దగ్గర 405 వోల్టులు. బోరు తల దగ్గర రెండేసి ఫేజుల మధ్య కొలిస్తే ఒక జతలో 370, మిగతా రెండు జతల్లో ఇంకా తక్కువ. నేల మీద లాగింది 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం. నిరోధమంటే విశిష్ట నిరోధాన్ని పొడవుతో గుణించి మధ్యచ్ఛేద వైశాల్యంతో భాగించడమే కదా, ఆ లెక్కన ఒక్కో కోరుకు, అంటే కేబుల్లోని ఒక్కో తీగకు, 2.8 ఓమ్‌లు. ఎనిమిది ఆంపియర్లు లాగే మోటారుకు ఫేజుకు 22 వోల్టులు దారిలోనే పోతాయి. ఎండకు కాలిన నేల మీద తీగ 60 డిగ్రీలకు చేరితే నిరోధం ఇంకో 16 శాతం దాకా పెరుగుతుంది. వోల్టేజీ తగ్గినకొద్దీ మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది.

అసలు దొంగ మాత్రం అతుకులో ఉంది. బోరు లోపలి నుంచి వచ్చిన రాగి తీగను, పైన లాగిన అల్యూమినియం తీగను చేత్తో మెలిపెట్టి టేపు చుట్టేశారు. కరెంటు ఆపించి మూడు అతుకులూ పట్టుకుని చూశాను. రెండు గోరువెచ్చగా ఉన్నాయి, మూడోది చెయ్యి పెట్టనివ్వలేదు. టేపు విప్పితే జిగురు కరిగి సాగింది, లోపల అల్యూమినియం మీద తెల్లటి పొడి, రాగి పోగులు నల్లగా. ఆ తెల్లపొడిలో ఉండేది ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడే. అల్యూమినియం వాహకం, దాని ఆక్సైడు బంధకం, అంటే కరెంటును పోనివ్వదు. గాలి తగిలిన వెంటనే పలచని పొరగా ఏర్పడుతుంది. పక్కన రాగి ఉండి తడి కూడా తగిలితే తుప్పు ఇంకా వేగంగా తింటుంది. అంతకుముందు నడుస్తుండగా ఆ అతుకు మీద 6 వోల్టులు చూపించింది. 8 ఆంపియర్లతో గుణిస్తే 48 వాట్లు, అంటే సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. ఆ ఫేజులో వోల్టేజీ తగ్గి మూడు ఫేజులూ సమానంగా లేకుండా పోయాయి. ఇలాంటప్పుడు వోల్టేజీలో కొద్ది శాతం తేడాకే కరెంటులో అంతకు కొన్ని రెట్ల తేడా వస్తుంది. కాయిళ్లు ఒక వరసే మాడింది అందుకే.

రాగి వేద్దామని చిన్నాయన పట్టుబట్టాడు. నేనే వద్దన్నాను. రాగి కనబడితే తోటల్లో ఉంచడం లేదు. రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి నూనె పారబోసి పోతున్నారు, కొత్తది వచ్చేదాకా చెట్లు ఎండాల్సిందే. ఎవడో కిలో రాగి అమ్ముకోవడానికి ఇంకొకరి పంట పోవడం చూస్తే కడుపు మండుతుంది. అందుకని 6 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియమే వేశాం. దాని నిరోధం కోరుకు 1.2 ఓమ్‌లు. అదే చోట 2.5 రాగి వేసి ఉంటే 1.7. చూశారా, లావు అల్యూమినియం సన్న రాగిని దాటేసింది. అతుకుల దగ్గర ఒకవైపు రాగి, ఇంకోవైపు అల్యూమినియం ఉండే బైమెటల్ లగ్గులు వేసి, ప్రెస్ చేయించి, నీళ్లు చేరకుండా మూసేశాం. మోటారు ఇప్పటికీ బాగానే నడుస్తోంది.

ఇంకో బాధ ఉంది. తీగ చుట్ట మీద 4 చదరపు మిల్లీమీటర్లు అని అచ్చు వేసి లోపల అంతకంటే సన్న తీగ అమ్మేవాళ్లున్నారు. పోగులు లెక్కపెట్టి, సన్న మందాలు కొలిచే మైక్రోమీటరుతో ఒక పోగు వ్యాసం కొలిస్తే అయిదు నిమిషాల్లో బయటపడుతుంది. పదో తరగతిలో ఈ నిరోధం సూత్రం అందరూ చదివారు. పరీక్షకు బట్టీ పట్టించడం కాకుండా పిల్లల చేతికి ఒక తీగ ముక్క, మైక్రోమీటరు ఇచ్చి లెక్క చేయిస్తే ఈ మోసం మన దగ్గర సాగేది కాదు.

మీరు అల్యూమినియమే వేయండి. రాగికి చెప్పిన సైజుకు కనీసం 1.65 రెట్లు, దొరికితే ఇంకో సైజు పైకి. మోటారు ఎన్ని హెచ్‌పీ, బోరు ఎంత లోతు, స్టార్టర్ నుంచి ఎంత దూరం, ఈ మూడూ కింద రాయండి, మందం లెక్కగట్టి చెబుతాను.