జియస్ చేతిలో ఉన్నది మెరుపా, ఉరుమా, పిడుగా?

సందేహం: మాస్టారూ, నేను ఫైనల్ ఫాంటసీ అనే జపాన్ వీడియో ఆటలు ఆడుతూ తెలుగులో వీడియోలు చేస్తుంటాను. నాలుగో ఆటలో ఒక వస్తువు ఉంది. యుద్ధంలో వాడితే పైనుంచి శత్రువుల మీద ఫెళ్లున పడుతుంది. ఇంగ్లిష్‌లో దాని పేరు ‘జ్యూసెస్ రాత్’, అంటే జియస్ అనే గ్రీకు దేవుడి కోపం. నేను ‘జ్యూస్ కోపం - మెరుపు దాడి వస్తువు’ అని తెర మీద వేశాను. పళ్లరసానికి కోపం రావడమేమిటని ఒకరు అడిగారు. ఆటలో ఇలాంటి దెబ్బ వేసే మంత్రం పేరు ‘థండర్’ కాబట్టి ‘ఉరుము’ అనాలని ఇంకొకరు, గ్రీకు దేవుడెందుకు ‘ఇంద్రుడి కోపం’ అనెయ్యమని మరొకరు. ఏది రాయమంటారు?

సమాధానం: ‘జియస్ ఆగ్రహం - పిడుగు వస్తువు’ అని రాయండి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీ ప్రశ్నలో మూడు నాలుగు చిక్కులు కలిసిపోయి ఉన్నాయి.

ముందు అసలు మాట. మనకు మూడు మాటలున్నాయి, మూడింటికీ మూడు పనులు. మెరుపు కనబడేది, ఉరుము వినబడేది, పిడుగు పడేది. వీటి క్రియలు చూడండి: మెరుపు మెరుస్తుంది, ఉరుము ఉరుముతుంది. పిడుగుకు అలా సొంత క్రియ లేదు, అది ఎప్పుడూ ‘పడుతుంది’. వానాకాలం మొదట్లో మన ఫోన్లకు వచ్చే హెచ్చరికల్లో కూడా ‘పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడకండి’ అనే ఉంటుంది తప్ప మెరుపులు పడతాయని ఉండదు. మీ ఆటలో శత్రువుకు దెబ్బ తగులుతోంది, ప్రాణం తగ్గుతోంది, కాబట్టి అది పిడుగే.

‘మెరుపు దాడి’తో ఇంకో ఇబ్బంది ఉంది. పత్రికల తెలుగులో ఆ జంట మాటకు అర్థం స్థిరపడిపోయింది. ఏసీబీ అధికారుల మెరుపు దాడి అంటే చెప్పాపెట్టకుండా వచ్చి సోదా చేయడం, కార్మికుల మెరుపు సమ్మె అంటే నోటీసు ఇవ్వకుండా దిగడం. అక్కడ మెరుపు అంటే వేగం, హఠాత్తు. మీ వీడియో చూసేవాడు ‘మెరుపు దాడి వస్తువు’ అని చదివి, శత్రువు కంటే ముందే కొట్టే అవకాశం ఇచ్చే వస్తువు కాబోలు అనుకుంటాడు. ఆటలో వేగం పెంచే మంత్రాలు వేరే ఉన్నాయి గనక ఈ పొరపాటు ఉత్తదేమీ కాదు, దాన్ని నమ్ముకుని ఆడేవాడు ఓడిపోతాడు.

ఇక ఉరుము. మీ స్నేహితుడు ‘థండర్’ను చూసి అలా అన్నారు, అందులో ఆయన తప్పు లేదు. కానీ ఆ పేరు నడిచి వచ్చిన దారి చూడాలి. జపనీస్‌లో ‘కామినారి’ అనే ఒక్క మాట ఉరుముకీ మెరుపుకీ పిడుగుకీ సరిపోతుంది. దేవుడికి ‘కామి’, మోగడానికి ‘నారి’, రెండూ కలిస్తే దేవుడి మోత. ఆట చేసినవాళ్లు మంత్రానికి మాత్రం ఇంగ్లిష్ నుంచి ‘సండా’ అని తెచ్చుకున్నారు, దాని పైమెట్లు సండారా, సండాగా. ఇంగ్లిష్‌లోకి మార్చినవాళ్లు మొదటి ఆటలో దీన్ని ‘లిట్’ అన్నారు, 1994లో వచ్చిన ఆరో ఆటలో ‘బోల్ట్’ అన్నారు, తర్వాత ఎప్పటికో ‘థండర్’ దగ్గర ఆగారు. అంటే ఒకే దెబ్బకు ఇంగ్లిష్‌లోనే మెరుపు, పిడుగు, ఉరుము మూడు పేర్లూ అయ్యాయి. ఆ గందరగోళాన్ని మనం మోయనక్కర్లేదు, మన దగ్గర సరైన మాట ఉంది.

‘ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు’ అనే సామెతలో ఉరుము పడింది కదా అని అడుగుతారేమో. మంగలం అంటే పేలాలు వేయించే పెంకు. ఎక్కడో ఉరిమితే సంబంధం లేని పెంకు పగిలిందనడం ఆ సామెత ఉద్దేశం. అసాధ్యమైనది జరిగిందని చెప్పడానికే ఉరుమును పడేలా చేశారని నా అభిప్రాయం. మామూలు మాటల్లో ‘ఉరుము పడి కొబ్బరిచెట్టు కాలిపోయింది’ అనం.

అలాగని ఉరుముకు ఆటలో చోటే లేదనను. 2001లో వచ్చిన పదో ఆటలో ‘థండర్ ప్లెయిన్స్’ అనే మైదానం మీరు ఆడే ఉంటారు. అక్కడ రిక్కు అనే అమ్మాయి వణికిపోతుంది, దారిలో కనబడ్డ విడిదిలో ఆగిపోదామని బతిమాలుతుంది. చిన్నప్పుడు సముద్రంలో ఒక జంతువు మీద పడితే, కాపాడబోయి వాళ్ల అన్న వేసిన థండర్ మంత్రం గురితప్పి ఆమెకే తగిలిందట. ఆమె గురించి ‘ఉరుములంటే భయం’ అని రాయండి, తెలుగులో ఆ భయాన్ని అలాగే చెబుతాం. ఉరిమినప్పుడు ‘అర్జునా, ఫల్గుణా’ అంటూ పేర్లు తలుచుకోమని మన ఇళ్లలో పిల్లలకు చెప్పేది కూడా పిడుగు భయానికే, కానీ తలుచుకునేది మాత్రం చప్పుడు విన్నప్పుడు. ఆ మైదానంలోనే తెర తెల్లగా మెరిసిన క్షణంలో బటన్ నొక్కి పక్కకు దూకాలి, వరసగా 200 సార్లు తప్పించుకుంటే లూలూ అనే పాత్ర ఆయుధానికి పనికొచ్చే వీనస్ సిగిల్ అనే వస్తువు దొరుకుతుంది. దీన్ని వివరించేటప్పుడు ‘మెరుపు కనబడగానే నొక్కండి, పిడుగు తప్పుతుంది’ అంటే చాలు, ఒక్క వాక్యంలో రెండు మాటలూ వాటి వాటి పని చేస్తాయి. మెరుపు, పిడుగు రెండింటికీ ‘లైట్నింగ్’ అనే వాడే ఇంగ్లిష్ వీడియోకి ఈ సుఖం లేదు. మైదానం పేరు మాత్రం ‘పిడుగుల మైదానం’ అనండి.

పళ్లరసం సంగతి. తెలుగులో చుట్టు, చోటు, జుట్టు, జోరు లాంటి మాటల్లో చ, జ లను దంతాలకు ఆనించి పలుకుతాం. ఆ దంత్య జకారం ఇంగ్లిష్ ‘జూ’లోని ధ్వనికి చాలా దగ్గర, అందుకే జూ పార్కు అనడం మనకు ఏమాత్రం కష్టం కాదు. ఆ లెక్కన ‘జూస్’ అని రాస్తే ఇంగ్లిష్ ఉచ్చారణ దాదాపుగా దిగుతుంది. కానీ చెరకురసం బండి మీద కూడా ‘జూస్’ అని రాసేవాళ్లున్నారు, తెర మీద మాట నిలిచేది రెండు మూడు సెకన్లు. ‘జియస్’ అయితే ఎవరూ తడబడరు, ఉచ్చారణ కాస్త పక్కకు పోయినా ఫరవాలేదు.

ఆగ్రహం ఎందుకంటే, కోపం ఎవరికైనా వస్తుంది, దేవతల విషయంలో మనం అనుగ్రహం, ఆగ్రహం అని జంటగా వాడతాం. సంస్కృతంలో, హిందీలో ఈ మాటకు పట్టుదల, గట్టిగా అడగడం అనే అర్థాలున్నాయి కాబట్టి హిందీ మిత్రులెవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, తెలుగులో మాత్రం కోపమే.

ఇంద్రుణ్ని తేవద్దని గట్టిగా చెబుతాను. వజ్రాయుధం ఉంది, పోలిక బాగానే కుదురుతుంది, నిజమే. కానీ జపాన్ వాళ్లకు సొంతంగా రైజిన్ అనే ఉరుముల దేవుడుండి కూడా ఈ వస్తువుకు ‘జెఉసు నో ఇకారి’ (జియస్ కోపం) అని గ్రీకు దేవుడి పేరే ఉంచారు. పైగా ఇదే ఆటలో పొడుగు గడ్డంతో, చేతికర్రతో రామూ అనే ముసలాయన వచ్చి ‘తీర్పు పిడుగు’ వేస్తాడు. ఇంద్రుడంటే చూసేవాళ్లు ఆయనే అనుకునే ప్రమాదం ఉంది. పదమూడో ఆట నాయిక లైట్నింగ్ పేరు కూడా మార్చకండి, మనుషుల పేర్లను అనువదించం.

చివరగా, వాడినప్పుడు ఏం రాయాలి? నాలుగో ఆట నాయకుడు సెసిల్ దాన్ని వాడితే, ‘సెసిల్ జియస్ ఆగ్రహం వాడాడు, శత్రువుల మీద పిడుగు పడింది’ అనండి. ‘పిడుగుతో దాడి చేయబడ్డారు’ అనే వాక్యాలు వద్దు. మంత్రం పెద్దదైతే ‘పిడుగులు కురిశాయి’ అనవచ్చు.