వర్చువల్ మెషీన్ టైమ్ వెనకబడుతోంది!

ప్రశ్న: కేవీఎం (వర్చువల్ మెషీన్లు నడిపే లినక్స్ సదుపాయం) మీద నడిచే లినక్స్ మెషీన్‌ను పాజ్ చేసి మళ్లీ నడిపిస్తే టైమ్ గంటల కొద్దీ వెనకే ఉంటోంది సార్. టైమ్ సరిచేసే ప్రోగ్రామ్ క్రోనీ నడుస్తూనే ఉంది. కెర్నల్ (లినక్స్ మూల భాగం) బగ్గా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: బగ్ కాదమ్మా. పాజ్‌లో ఉన్నంతసేపూ ఆ మెషీన్ గడియారమూ ఆగిపోతుంది, ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. చాలా డిస్ట్రోల (లినక్స్ రకాల) క్రోనీ సెట్టింగ్స్ ఫైల్‌లో ‘మేక్‌స్టెప్ 1 3’ అని ఉంటుంది. అంటే సెకను దాటిన తేడాను క్రోనీ మొదలైన తర్వాత తొలి 3 సవరణల్లో మాత్రమే ఒక్కసారిగా దిద్దుతుంది. ఆపైన మెల్లగా జరుపుతుంది. ఆ 3 తీసి -1 (అంటే పరిమితి లేదని) పెట్టి, క్రోనీని రీస్టార్ట్ చేయండి. డేటాబేస్ నడుస్తుంటే మాత్రం టైమ్ దూకే ముందు దాన్ని ఆపడమే మంచిది. 2017లో 4.11 కెర్నల్‌తో వచ్చిన పీటీపీ-కేవీఎం మాడ్యూల్ కూడా వాడండి, హోస్ట్ (వర్చువల్ మెషీన్‌ను నడిపే అసలు కంప్యూటర్) టైమ్ నేరుగా అందుతుంది. నిమిషానికోసారి క్రాన్‌తో (వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్‌తో) టైమ్ మార్చే పద్ధతి నాకు అస్సలు నచ్చదు, లాగ్‌లన్నీ తారుమారవుతాయి.