ఎంఎస్సీ అప్లైడ్ మ్యాథ్స్ చేసినవాళ్ళు గ్రాన్యులర్ ఫ్లోస్‌లో పీహెచ్‌డీకి వెళ్ళొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఎంఎస్సీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నారు. బ్రిటన్‌లో గ్రాన్యులర్ ఫ్లోస్ (అంటే గింజలు, ఇసుక, పొడుల లాంటివి ప్రవహించే తీరు) గణిత నమూనాల మీద పీహెచ్‌డీ ప్రకటన ఒకటి కనబడింది. ఆ పేరు వినడం అదే మొదటిసారి. అప్లై చెయ్యాలా, మన దేశంలో ఈ పని ఎక్కడైనా జరుగుతోందా, తర్వాత ఉద్యోగం దొరుకుతుందా అని అడిగారు.

అప్లై చెయ్యండి. నేనూ కోస్తా జిల్లాలో ఒక మామూలు యూనివర్సిటీలో ఎంఎస్సీ మ్యాథ్స్ చేసి, ఇదే సబ్జెక్టులో బ్రిటన్‌లో పీహెచ్‌డీ పూర్తి చేసినవాణ్ణే. ఇప్పుడు హైదరాబాద్‌లో మందుల తయారీలో పౌడర్ల మీద పని చేస్తున్నాను.

సబ్జెక్టు తెలియదని బెంగపడకండి, ఇంట్లో రోజూ చూస్తున్నదే. చేటలో బియ్యం చెరిగితే నూకలు ఒక పక్కకి, మెరికలు ఒక పక్కకి ఎలా చేరతాయి? మిక్చర్ డబ్బాని నాలుగు రోజులు అటూ ఇటూ కదిపితే పల్లీలు పైకొచ్చి, పొడీ కారమూ అడుగుకి ఎందుకు దిగిపోతాయి? గాదె కింది తలుపు తీస్తే వడ్లు కాసేపు ధారగా పడి, ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోతాయి? ఇవే ప్రశ్నలకి సమీకరణాలు రాయడం ఈ పని. నీళ్ళు ఎలా పారతాయో చెప్పడానికి నేవియర్-స్టోక్స్ సమీకరణాలు ఉన్నాయి. ఇసుకకి అందరూ ఒప్పుకున్న సమీకరణం ఇంకా లేదు. కుప్ప పోస్తే గట్టిగా కూర్చుంటుంది, వాలు పెంచితే నీళ్ళలా జారుతుంది, బాగా కుదిపితే గ్యాస్‌లా ఎగురుతుంది. ఒకే కుప్పలో ఈ మూడూ ఒకేసారి జరగొచ్చు కూడా. సీట్లు ఉన్నది కూడా అందుకే, ఇంకా చెయ్యాల్సింది చాలా మిగిలి ఉంది.

అప్లై చేసే ముందు ఒక పని చెయ్యమంటాను. నేను చేసిందే. ఒక ప్లాస్టిక్ డబ్బా అడుగున మధ్యలో 10 మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లు పెట్టి, వేలు అడ్డం పెట్టి అరకిలో ఆవాలు పోశాను. వేలు తీసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కితే, ఖాళీ అవడానికి సుమారు నిమిషంన్నర పట్టింది. అదే చిల్లుని 14 మిల్లీమీటర్లకి పెంచితే అర నిమిషం. 20కి పెంచితే పది సెకన్లు! అంటే చిల్లు వ్యాసం రెట్టింపైతే డబ్బా ఖాళీ అయ్యే వేగం తొమ్మిది రెట్లు అవుతోంది. వైశాల్యం లెక్కన చూస్తే నాలుగు రెట్లే రావాలి కదా. నెదర్లాండ్స్‌లో బెవర్లూ, ఆయన సహచరులు 1961లో విత్తనాలతో ఇలాంటి ప్రయోగాలే చేసి ఒక సూత్రం ఇచ్చారు. చిల్లు వ్యాసంలోంచి గింజ వ్యాసానికి దాదాపు ఒకటిన్నర రెట్లు తీసేసి, మిగిలినదానికి రెండున్నర ఘాతం వేస్తే, డబ్బా ఖాళీ అయ్యే వేగం ఆ సంఖ్యకి అనులోమానుపాతంలో ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల ఆవగింజతో లెక్క కట్టి చూడండి, తొమ్మిదికి దగ్గరగా వస్తుంది.

అంతకంటే వింత ఇంకోటి ఉంది. నీళ్ళ డబ్బా అయితే మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. ఆవాల ధార మాత్రం దాదాపు చివరిదాకా ఒకే వేగంతో పడుతుంది. కింద ఉన్న గింజలకి పైన ఎంత ఎత్తు పోశామో తెలియదన్నట్టు! గింజల బరువులో చాలా భాగాన్ని డబ్బా గోడలు రాపిడితో మోసేస్తాయని 1895లోనే యాన్‌సెన్ అనే జర్మన్ ఇంజినీరు లెక్క రాశాడు. అయితే ధార వేగం అలా నిలకడగా ఉండటానికి ఆ ఒక్క లెక్కా చాలదని ఇప్పుడంటున్నారు, చిల్లు దగ్గర ఏం జరుగుతోందన్న వాదన ఇంకా నడుస్తోంది. (ఆవాలు వంటగదంతా దొర్లి, మా అమ్మ చేత వారం రోజులు తిట్లు తిన్నాను.)

ఈ ఆవాల కొలతలతో ఒక గ్రాఫు గీసి, నేను సూపర్‌వైజర్‌కి రాసిన మెయిల్‌లో జత చేశాను. ఇంటర్వ్యూలో నా మార్కుల గురించి ఒక్క ప్రశ్నే వచ్చింది, ఆవాల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు.

ఇక ప్రకటన ఎలా చదవాలి. "గణిత నమూనాలు" అన్న ఒక్క మాట కింద మూడు వేరు వేరు జీవితాలు ఉంటాయి. మొదటిది, కుప్ప మొత్తాన్ని ద్రవంలా భావించి పాక్షిక అవకలన సమీకరణాలు రాయడం. మంచు, రాళ్ళు వాలు మీద జారడానికి 1989లో శావేజ్, హట్టర్ రాసిన సమీకరణాలు ఈ కోవలోవి. హైపర్‌బోలిక్ సమీకరణాలు, షాక్‌లు, స్థిరత్వ విశ్లేషణ ఇష్టమైతే ఇది మీకు సరిపోతుంది. రెండోది, ఒక్కో గింజకీ న్యూటన్ సూత్రం రాసి కంప్యూటర్‌లో లక్షల గింజల్ని కదిలించడం. 1979లో కండాల్, స్ట్రాక్ దీన్ని దారిలో పెట్టారు. ఇందులో గణితం కంటే ప్రోగ్రామింగ్ ఎక్కువ, లామ్స్, మెర్క్యురీ డీపీఎం లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు వాడతారు. మూడోది వాయువుల గతి సిద్ధాంతాన్ని (అణువులు ఢీకొనే తీరుని బట్టి గ్యాస్ లక్షణాలు లెక్కగట్టే పద్ధతిని) గింజలకి అన్వయించడం. ఇది భౌతికశాస్త్రం బాగా వచ్చినవాళ్ళకి. ప్రకటన చూస్తే ఏదో తెలియకపోతే ఆ సూపర్‌వైజర్ ఈమధ్య రాసిన మూడు పేపర్లలో బొమ్మలు చూడండి, చాలు.

నాది మొదటి రకం. రెండో ఏడాదిలో నేను పడిన టెన్షన్ చెప్తాను, ఈ పనంటే ఏమిటో తెలుస్తుంది. 2006లో ఫ్రాన్స్‌లో జోప్, ఫోర్టెర్, పూలికెన్ ఇచ్చిన మ్యూ-ఐ నియమంతో కోడ్ రాశాను. ఘర్షణ గుణకం ఒక స్థిర సంఖ్య కాదు, గింజలు ఎంత వేగంగా ఒకదాని మీద ఒకటి జారుతున్నాయో దాన్ని బట్టి మారుతుందని ఆ నియమం చెప్తుంది. గ్రిడ్ (లెక్క కోసం ప్రవాహాన్ని విడగొట్టే గళ్ళు) ముతకగా ఉన్నప్పుడు ఫలితం చక్కగా వచ్చింది. గ్రిడ్ సన్నం చేస్తే ఇంకా బాగా రావాలి కదా? వేగం గ్రాఫులో రంపపు పళ్ళలా గీతలు మొదలయ్యాయి. ఇంకా సన్నం చేస్తే ఇంకా ఎక్కువ. కోడ్‌లో తప్పుందని మూడు వారాలు నిద్ర మానుకుని వెతికాను. చివరికి సూపర్‌వైజర్ నవ్వి ఒక పేపర్ చేతిలో పెట్టారు. 2015లో బార్కర్, షేఫర్, బోహోర్కెజ్, గ్రే రాసింది. ప్రవాహం మరీ నెమ్మదిగా ఉన్నా, మరీ వేగంగా ఉన్నా ఆ సమీకరణాలు ఇల్-పోజ్డ్ అవుతాయని, అంటే చిన్న చిన్న తరంగాలు అదుపు లేకుండా పెరిగిపోతాయని అందులో నిరూపించారు. తప్పు నా కోడ్‌లో లేదు, సమీకరణంలోనే ఉంది. ఎంఎస్సీలో మనం పరీక్ష కోసం బట్టీ కొట్టిన "వెల్-పోజ్డ్" నిర్వచనం (సమాధానం ఉండాలి, ఒకటే ఉండాలి, మొదటి విలువలు కాస్త మారితే అదీ కాస్తే మారాలి) మళ్ళీ అక్కడ ఎదురైంది.

డబ్బు సంగతి. ఇక్కడే నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. మొదటిసారి అప్లై చేసినప్పుడు ఒక చోట సీటు వచ్చింది, "ఫుల్లీ ఫండెడ్" అని పెద్ద అక్షరాల్లో ఉంటే ఇంట్లో స్వీట్లు కూడా పంచాం. ఫీజు మాత్రం హోమ్ రేటుకే (బ్రిటన్ విద్యార్థులు కట్టే ఫీజు వరకే) ఇస్తామని అడుగున ఒక లైను ఉంది, అది చదవలేదు. హోమ్ ఫీజు ఇప్పుడు ఏడాదికి 5 వేల పౌండ్ల చిల్లర. బయటి దేశాల వాళ్ళకి సైన్సు విభాగాల్లో చాలాచోట్ల 25 వేలు దాటుతుంది. ఆ తేడా మన జేబులోంచి కట్టాలి, మావల్ల కాలేదు. ప్రభుత్వ పరిశోధన మండళ్ళ సీట్లలో 2021 నుంచి విదేశీ విద్యార్థులు సుమారు 30 శాతం వరకు ఉండొచ్చు, అందుకని పోటీ గట్టిగానే ఉంటుంది. ఆ మండళ్ళిచ్చే కనీస స్టైపెండ్ 2025-26కి 20,780 పౌండ్లు. మొదటి మెయిల్‌లోనే "విదేశీ ఫీజు మొత్తం కవర్ అవుతుందా" అని సూటిగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మాంచెస్టర్‌లో నికో గ్రే బృందం, నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ, ఫ్రాన్స్‌లో మార్సెయ్ ఈ పనికి పేరున్న చోట్లు. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ విద్యార్థిని సాధారణంగా ఉద్యోగిగా తీసుకుని జీతం ఇస్తారు కాబట్టి ఫీజు గొడవ ఉండదు. నన్నడిగితే ముందు అటు చూడండి.

మన దేశంలోనూ తక్కువేం లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీ కెమికల్ ఇంజినీరింగ్‌లో ప్రభు నాట్, కుమరన్, అక్కడే జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ (జేఎన్‌సీఏఎస్ఆర్)లో మెహబూబ్ ఆలం, ఐఐటీ బాంబేలో ఖాఖర్ ఏళ్ళ తరబడి చేసిన పని ప్రపంచమంతా చదువుతుంది. కేశవరావు, ప్రభు నాట్ కలిసి 2008లో కేంబ్రిడ్జ్ ప్రెస్ ద్వారా తెచ్చిన పాఠ్యపుస్తకం బయటి దేశాల్లోనూ వాడతారు. లైబ్రరీలో దొరికితే మొదటి రెండు అధ్యాయాలు చదివి వెళ్ళండి. చిక్కేమిటంటే ఇక్కడ ఈ పని ఎక్కువగా మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్లలో కాకుండా కెమికల్, మెకానికల్ వైపు జరుగుతుంది. ఎంఎస్సీ మ్యాథ్స్ వాళ్ళకి అర్హత ఉందో లేదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి, ఎవరు కొత్త విద్యార్థుల్ని తీసుకుంటున్నారో మెయిల్ పెట్టి కనుక్కోండి. నెట్ పరీక్షలో వచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ చేతిలో ఉంటే పని తేలికవుతుంది. 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37 వేలు, తర్వాత 42 వేలు, హెచ్‌ఆర్‌ఏ వేరుగా.

ఉద్యోగాల గురించి పెద్దగా బెంగపడకండి. మా దగ్గర సమస్య మళ్ళీ ఆ మిక్చర్ డబ్బాదే. మందు పొడి సన్నం, కలిపే పొడి ముతక. హాపర్ (పొడి పోసే గరాటులాంటి తొట్టి)లోంచి దిగేటప్పుడు రెండూ విడిపోతే మొదట్లో తయారైన మాత్రలో మందు ఒకలా, చివరి మాత్రలో ఇంకోలా ఉంటుంది. ఎరువులు, సిమెంటు, ఉక్కు, కొండచరియల హెచ్చరికలు, ఎటు వెళ్ళినా గింజలే. ఇంటర్వ్యూలో "గ్రాన్యులర్ అంటే ఏంటి" అని మాత్రం ప్రతిచోటా మొదటి నుంచీ చెప్పుకోవాల్సి వస్తుంది.

మెయిల్ డ్రాఫ్ట్ రాశాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఆవాలు పోసేటప్పుడు కింద దుప్పటి పరుచుకోండి.